కాపలా మాది, నిద్ర వారిది: ఐసీయూ నర్సుల కోసం అడవిలో ఒక విశ్రాంతి శిబిరం

ఒక ఆసుపత్రి యాజమాన్యం తమ ఐసీయూ నర్సుల్లో పది మందిని ఐదు రాత్రులు అడవిలో ఉంచి, విశ్రాంతినిచ్చి తీసుకురమ్మని మా బృందాన్ని అడిగింది. ఏం చేయించాలో కూడా వారే రాసి పంపారు. తెల్లవారుజామున వ్యాయామం, తరువాత శ్వాస సాధన, వాగులో చన్నీటి మునక, మధ్యాహ్నం చిత్రలేఖనం, సాయంత్రం నడక, రాత్రి నెగడు చుట్టూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోవడం. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

ఆ పట్టికను పక్కన పెట్టి, వచ్చేవారితో ఒక్కొక్కరుగా ఫోనులో మాట్లాడాం. దాదాపు అందరి నోటా ఒకే మాట వినిపించింది: ఇంట్లో పడుకున్నా చెవి మాత్రం మేలుకునే ఉంటుందని. అర్ధరాత్రి అలారం మోగినట్టు అనిపించి లేచి కూర్చుంటామని ఒకరు, పిల్లవాడు దగ్గితే చెయ్యి తనంతట తానే నాడి మీదికి పోతుందని ఇంకొకరు చెప్పారు. పని భారం ఉన్న మాట నిజమే. అంతకన్నా లోతైన అలసట, ఎప్పుడూ ఎవరి ప్రాణానికో తామే కాపలా అన్న స్థితి నుంచి బయటికి రాలేకపోవడం. వారికి మేము ఇవ్వగలిగినది ఒక్కటే అని అప్పుడే అనుకున్నాం: ఆ ఐదు రాత్రులూ కాపలా ఇంకొకరి చేతిలో ఉండాలి, ఆ సంగతి వారికి మనసారా నమ్మకం కలగాలి. చోటు ఎంపిక మొదలు తిరుగు ప్రయాణం దాకా ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క కొలతతోనే తూచాం.

చోటు ఎలా కుదిరింది

మా ముందు రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి 3,300 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు ఒడ్డు. ఫొటోలో చూసిన ప్రతివారూ అదే కావాలన్నారు. రెండోది 1,600 మీటర్ల దగ్గర ఒక లోయ. దట్టమైన చెట్లు, పక్కనే వాగు, మధ్యలో కాస్త చదునైన మైదానం. అందంలో మొదటిదానికి సాటి రాదు.

సరస్సును వదులుకోవడానికి కారణం నిద్ర. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం మొదలయ్యే అవకాశం ఉంటుంది. ఆ ఎత్తుల్లో నిద్రలో శ్వాస లయ తప్పి మాటిమాటికీ మెలకువ వస్తుంది. 3,000 మీటర్ల పైన పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలనీ పర్వత వైద్యుల సూచన. ఆ లెక్కన మా ఐదు రాత్రుల్లో అధిక భాగం శరీరం ఎత్తుకు అలవాటు పడటానికే సరిపోతుంది. నిద్ర కోసం వచ్చేవారిని నిద్ర పట్టని చోటికి తీసుకెళ్లడంలో అర్థం లేదు.

లోయను ఖరారు చేసే ముందు ఇంకో ప్రశ్నకు జవాబు కావాలి. ఇక్కడ ఒకరి కాలు విరిగితే ఎంతసేపట్లో డాక్టరు ముందుకు చేర్చగలం? మారుమూల శిబిరం పెట్టే ఎవరైనా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని నా గట్టి అభిప్రాయం. టెంట్లు, దుప్పట్లు, కార్యక్రమాలు అన్నీ దీని తరువాతే.

లోయ నుంచి రోడ్డు చివరికి 8 కిలోమీటర్ల కాలిబాట, 300 మీటర్ల ఎక్కుడు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు సుమారు 5 కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండు గంటల పైచిలుకు. కానీ మోసుకెళ్లవలసిన మనిషికి ఆ లెక్క వర్తించదు.

అందుకే మా బృందంలో అందరికన్నా బరువైన వ్యక్తిని స్ట్రెచర్ మీద కట్టి, కాలిబాటలో అన్నిటికన్నా ఇబ్బందికరమైన భాగంలో మోసి చూశాం. వాగు అంచున బాట ఒక మనిషి పట్టేంత సన్నబడుతుంది. అక్కడ స్ట్రెచర్‌కు రెండు పక్కలా నడవడానికి వీల్లేదు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు చేతులు మార్చుకుంటూ, అడుగడుగుకూ ఆగి చెప్పుకుంటూ కదిలాం. స్ట్రెచర్ మీద ఉన్న వ్యక్తి కిందికి చూడలేక కళ్లు మూసుకున్నాడు. ఒక్క కిలోమీటరుకు గంటకు పైగా పట్టింది. మామూలు బాటలోనైనా ఒకేసారి ఆరుగురు పట్టుకోవాలి, భుజాలు పడిపోకముందే ఇంకో ఆరుగురు అందుకోవాలి. దూరం ఎక్కువైతే మూడు జట్లు ఉండాలి. అంటే పద్దెనిమిది మంది.

మా సిబ్బంది ఐదుగురం. ఒకరు గాయపడినవారి పక్కన, మరో ఇద్దరు మిగతావారి దగ్గర ఉండాలి. ఇక మిగిలేది ఇద్దరు. చాలామంది నిర్వాహకులు ఇక్కడ శిబిరానికి వచ్చినవారిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మామూలు బృందమైతే అది తప్పేమీ కాదు. కానీ వీరు నర్సులు. ఆపద వస్తే పరుగెత్తేది వీరేనని కాగితం మీద రాసుకున్నామంటే, శిబిరం మొదలు కాకముందే వారిని మళ్లీ డ్యూటీలో వేసినట్టే. కాబట్టి పది మందిలో ఒక్కరిని కూడా ఆ లెక్కలో కలపలేదు. రోడ్డు చివర నివసించేవారిలో ఆ బాట తెలిసినవారితో ఒప్పందం చేసుకున్నాం. శిబిరం జరిగినన్ని రోజులూ వారు ఊరు వదిలి వెళ్లకుండా అందుబాటులో ఉంటారు. పిలుపు వచ్చినా రాకపోయినా వారి కూలి వారికి ముడుతుంది. వారితో కలిసి మోసే సాధన కూడా చేశాం. బడ్జెట్‌లో పెద్ద ఖర్చుల్లో ఇదొకటి. యాజమాన్యం దీన్నే ముందుగా కొట్టివేయమంది, మేము ఒప్పుకోలేదు.

హెలికాప్టర్ మాట కూడా వచ్చింది. మైదానంలో దిగడానికి చోటుంది. అయితే మబ్బు కమ్మినా, గాలి పెరిగినా, చీకటి పడినా అది రాదు. సరిగ్గా అలాంటి వేళల్లోనే ప్రమాదాలు ఎక్కువ. అందుకని వస్తే మంచిదని రాసుకుని, ప్రణాళికను మాత్రం కాలినడక మీదే కట్టాం. శాటిలైట్ ఫోను, రెండు వైపులా సందేశాలు నడిచే పరికరం, ఆపద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ మూడూ వెంట ఉన్నాయి. చెట్ల గుబురులో, ఇరుకు లోయలో వాటికి ఆకాశం సరిగ్గా కనిపించదు. సిగ్నల్ దొరికే చోట్లను ముందే తిరిగి వెతికి, చీకట్లో కూడా వెళ్లగలిగేలా గుర్తులు పెట్టుకున్నాం.

నేలకు భారం కాకుండా

పదిహేను మంది ఆరు పగళ్లు ఒకే చోట ఉంటే నేల తట్టుకోవాలి కదా. టెంట్లను నీటికి 60 మీటర్ల అవతల, గడ్డి తక్కువగా ఉన్న గట్టి నేల మీద వేశాం. మలవిసర్జనకు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చడం ఒకరిద్దరు నడకదారులకు సరిపోయే పద్ధతి. ఇంతమంది ఇన్ని రోజులు అలా చేస్తే చుట్టుపక్కల నేలంతా గుంటలమయం అవుతుంది. అందుకని బిగుతు మూతలున్న డబ్బాల్లో సేకరించి తిరిగి మోసుకొచ్చాం. ఈ మాట ముందే చెప్పినప్పుడు ఒకరిద్దరు ముఖం చిట్లించారు కానీ, నర్సులకు ఇలాంటివి వివరించడం నిజంగా తేలిక. సబ్బు ఎంత సహజమైనదైనా వాగులో కలవనివ్వలేదు. పక్షులు గూళ్లు కట్టే నెలలు గడిచాకే తేదీలు ఖాయం చేశాం.

ఆరోగ్య వివరాలు

ఫారంలో ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే లేవు అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఏ మందులు వాడుతున్నారు, గత మూడు నెలల్లో దేని మోతాదైనా మారిందా, నిద్రమాత్ర వేసుకోకపోతే రాత్రి ఎలా గడుస్తుంది, ఈ ఏడాదిలో దగ్గరివారిని ఎవరినైనా కోల్పోయారా అని విడివిడిగా అడిగితే మనిషి కనిపిస్తారు. ఫారం చూశాక ఫోను తప్పనిసరి.

మానసిక స్థితిని నిలకడగా ఉంచే లిథియం అనే మందు వాడేవారు ఒకరు ఉన్నారు. చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆమె డాక్టరుతో మాట్లాడి, నడక వేగం, నీళ్లు తాగే వేళలు, వాంతులో విరేచనాలో మొదలైతే వెంటనే వెనక్కి తీసుకురావాలన్న నిబంధన రాసుకున్నాకే ఒప్పుకున్నాం. ఇన్సులిన్ వాడేవారి మందును రెండు భాగాలు చేసి ఇద్దరు సిబ్బంది సంచుల్లో వేరువేరుగా పెట్టాం. ఒక సంచి నీళ్లలో పడినా రెండోది ఉంటుంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు, కాబట్టి చలి రాత్రుల్లో అది స్లీపింగ్ బ్యాగులోనే పడుకుంది. ఇటీవలే తల్లిని పోగొట్టుకున్న ఒకరితో చాలాసేపు మాట్లాడాం. తరువాతి శిబిరానికి వస్తానని ఆమే నిర్ణయించుకున్నారు.

కార్యక్రమంలో ఏం తీసేశాం, ఎందుకు

యాజమాన్యానికి ఆధారాలు కావాలి. మేమూ ఆధారాలతోనే మాట్లాడాం, కానీ వాటి హద్దులు దాటలేదు. జపాన్ అటవీ శాఖ 1982లోనే అడవిలో తీరికగా గడపడాన్ని ఆరోగ్య కార్యక్రమంగా ప్రోత్సహించింది. 1984లో రోజర్ ఉల్‌రిచ్ ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన పరిశీలన, వారానికి 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువని తేల్చింది. అది సంబంధాన్ని చూపింది, కారణాన్ని నిరూపించలేదు. ఐదు రోజుల్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందని కరపత్రంలో వేద్దామన్న ప్రతిపాదనను అందుకే తిరస్కరించాం.

మాకు అన్నిటికన్నా పనికొచ్చినది 2013లో నిద్ర పరిశోధకుడు కెన్నెత్ రైట్ బృందం అమెరికాలోని కొలరాడోలో చేసిన ప్రయోగం. ఎనిమిది మంది వారం పాటు విద్యుద్దీపం లేకుండా, ఎండ వెలుగులో, నెగడు వెలుగులో గుడారాల్లో ఉన్నారు. నిద్ర వేళ అయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి వారిలో ఊరడం మునుపటికన్నా సుమారు రెండు గంటలు ముందే మొదలైంది. చిన్న ప్రయోగమే, కానీ నైట్ డ్యూటీలతో గడియారం చెదిరిపోయినవారికి ఇంతకన్నా సూటిగా వర్తించేది మాకు దొరకలేదు. దాన్నే ఆధారం చేసుకున్నాం. పొద్దున పగటి వెలుగు కళ్లకు తగలాలి, పొద్దు గూకాక తెల్లటి టార్చి వెలగకూడదు. అవసరానికి ఎర్ర వెలుతురు చాలు.

నెగడు చుట్టూ మనసు విప్పి మాట్లాడే కార్యక్రమాన్ని పూర్తిగా తీసేశాం. చాలామందికి ఇది వింతగా తోచింది. ఐసీయూలో చూసిన మరణాలను ఒక్క రాత్రి కూర్చోబెట్టి చెప్పించడం మేలు చేస్తుందని అందరూ అనుకుంటారు. ఆఘాతం తరువాత ఒకే విడత చేసే ఇలాంటి సంభాషణ పీటీఎస్‌డీని, అంటే ఆఘాతం తరువాత చాలాకాలం వెంటాడే మానసిక రుగ్మతను, ఆపుతుందనడానికి ఆధారం లేదనీ, బాధితులతో దీన్ని తప్పనిసరిగా చేయించడం మానాలనీ వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్ష స్పష్టంగా చెప్పింది. పైగా తెరిచిన గాయానికి కట్టు కట్టడానికి ఆ అడవిలో మాకున్నవి కొద్ది రోజులే. మాట్లాడాలనుకునేవారికి శిక్షణ ఉన్న కౌన్సెలర్ మా ఐదుగురిలో ఉన్నారు. అడిగితే పక్కన కూర్చుంటారు, అడగకపోతే లేదు.

చన్నీటి మునక కూడా వద్దన్నాం. చల్లటి నీటిలో ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె వేగం, రక్తపోటు అమాంతం పెరుగుతాయి. డాక్టరు గంటల దూరంలో ఉన్నచోట అలాంటి సరదా అక్కర్లేదు.

చివరికి మిగిలినవి మూడు: ఉదయం ఎవరికి వారు ఎంచుకున్న చోట గంటసేపు ఊరికే కూర్చోవడం, మధ్యాహ్నం ఇష్టమైతే నెమ్మది నడక, భోజన వేళలు. మిగతా సమయమంతా ఖాళీ. ఆకుల కదలిక, నీటి మీద వెలుగు లాంటివి మన దృష్టిని శ్రమ లేకుండా పట్టి ఉంచుతాయనీ, అలసిన ఏకాగ్రత ఆ వేళలోనే కోలుకుంటుందనీ మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టీఫెన్, రేచల్ కప్లాన్ దంపతుల సిద్ధాంతం. గంట గంటకూ గంట కొట్టే పట్టికలో ఆ కోలుకోవడానికి చోటుండదు.

ఫోన్ల సంగతి

ఫోన్లు లాక్కోలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నవారిని, పెద్దవారున్నవారిని ఒక్కసారిగా తెంచేస్తే మనసు అడవిలో ఉండదు. దానికి బదులు బయలుదేరే ముందు ప్రతివారికీ ఒక కార్డు ఇచ్చాం. ఏ వార్త వస్తే నాకు వెంటనే చెప్పాలి, ఏ వార్త తిరిగి వెళ్లేదాకా చెప్పకూడదు అని రెండే ప్రశ్నలు. దాన్ని నింపడానికి అందరూ ఊహించినదానికన్నా ఎక్కువ సమయం తీసుకున్నారు. ఒకరు, అమ్మాయి జ్వరం 102 దాటితే చెప్పండి, అంతకన్నా తక్కువైతే వాళ్ల నాన్న చూసుకుంటారు అని రాశారు. ఇంకొకరు, వార్డులో ఏం జరిగినా చెప్పవద్దు అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఇళ్లవారికి మా శాటిలైట్ నంబరు ఇచ్చి, ప్రతి సాయంత్రం ఒకే వేళకు సందేశాలు చూశాం. కబురు లేకపోతే లేదని చెప్పాం. అడవికి వెళ్లే ప్రతి బృందానికీ ఈ కార్డు పద్ధతిని నేను సిఫారసు చేస్తాను.

రెండో రాత్రి, నాలుగో రాత్రి

రాత్రంతా సిబ్బందిలో ఒకరు వంతులవారీగా మేలుకుని ఉంటారని మొదటి సాయంత్రమే చెప్పాం. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటల దాకా అన్నది పేర్లతో సహా చదివాం. డ్యూటీ అప్పగింత ఎలా ఉండాలో వీరికి బాగా తెలుసు కాబట్టి సరిగ్గా ఆ రూపంలోనే చదివాం.

రెండో రాత్రి ఒకరికి ఊపిరి ఆడలేదు. గుండె దడ, చేతుల్లో తిమ్మిరి. కాపలాలో ఉన్న మా సహచరుడు వెళ్లేసరికి ఆమె టెంటు బయట కూర్చుని తన నాడిని తానే లెక్కపెట్టుకుంటున్నారు. ఛాతీ నొప్పి ఎటైనా పాకుతోందా, మునుపెప్పుడైనా ఇలా అయిందా అని అడిగి, రక్తపోటు, ఆక్సిజన్ చూశాం. తీరు పానిక్ అటాక్‌దే అనిపించినా, మరుసటి ఉదయం దాకా ప్రతి అరగంటకూ చూసి రాసిపెట్టాం. ఆమె చెప్పిన కారణం నేను ఎప్పటికీ గుర్తుంచుకుంటాను. వార్డులో శబ్దం ఉందంటే రోగి ఉన్నట్టు, ఒక్కసారిగా నిశ్శబ్దం అయిందంటే ఏదో జరిగినట్టు. ఇక్కడ అంతా నిశ్శబ్దమే.

ఆమె టెంటును వాగు చప్పుడు వినబడేవైపు, కాపలా మనిషి కనిపించే దూరానికి మార్చాం. తిరిగి వెళ్లిపోవచ్చు, తోడు వస్తాం అని కూడా చెప్పాం. ఉంటానన్నారు, ఏదైనా పని ఇమ్మన్నారు. దీని గురించి మాలో చర్చ జరిగింది. పని వద్దన్నది మా నియమం. చివరికి ఎవరి ప్రాణమూ ఆధారపడని పని ఒకటి ఇచ్చాం. వాగు నుంచి నీళ్లు తేవడం ఆమెది, వడకట్టి నిమిషం పాటు తెర్లకాచి శుద్ధి చేయడం మాది.

నాలుగో రాత్రి పిడుగులతో వాన. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోవడంతో అందరినీ మైదానం అంచు నుంచి, ఒంటరి చెట్లకు దూరంగా, ఒకే ఎత్తులో ఉన్న పొట్టి చెట్ల మధ్యకు తీసుకెళ్లి విడివిడిగా కూర్చోబెట్టాం. ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాలు లెక్కపెట్టి వెనక్కి పంపాం. అలవాటు కొద్దీ ముగ్గురు నర్సులు మిగతావారిని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మా సహచరురాలు నెమ్మదిగా, లెక్క మా దగ్గర ఉంది, పదిమందీ ఉన్నారు అన్నారు. వాళ్లు ఆగిపోయారు.

తెల్లారేసరికి వాగు పొంగింది, బయలుదేరవలసిన ఆరో రోజు ఉదయానికీ తగ్గలేదు. నీరు మోకాలు దాటి వేగంగా పారుతుంటే దాటకూడదన్నది ముందే రాసుకున్న నియమం. వేరే గట్టు మీదుగా రెండో దారి ఉంది కానీ తడి రాళ్ల మీద అది ఎక్కువ ప్రమాదం, గాయపడినవారెవరూ లేనప్పుడు ఆ అవసరం లేదు. ఒక రోజు ఆగాం. ఆగగలిగాం అనడం సరైనది. ఎందుకంటే తిరుగు ప్రయాణం తరువాతి రెండు రోజులు ఎవరికీ డ్యూటీ వేయకూడదని యాజమాన్యంతో ముందే ఒప్పందం ఉంది, తిండి కూడా రెండు రోజులకు అదనంగా తెచ్చాం. ఆ ఒప్పందం లేకపోతే, రేపు పొద్దున డ్యూటీ ఉందన్న తొందరలో ఎవరో ఒకరు నీటిలో దిగేవారు. అడవిలో జరిగే చాలా దుర్ఘటనల వెనుక ఇలాంటి తొందరే ఉంటుంది.

తరువాత

నిద్ర త్వరగా పట్టిందని ఎక్కువమంది చెప్పారు. ఇద్దరికి పెద్ద తేడా తెలియలేదు. రెండో రాత్రి భయపడినవారు ఆఖరి రెండు రాత్రులు తెల్లవార్లూ పడుకున్నారు. పది మంది మాటలను గణాంకంగా మార్చి చూపడం సరికాదు కనుక నివేదికలో వారి మాటలను అలాగే ఉంచాం.

నివేదికలో అందరికన్నా గట్టిగా రాసినది డ్యూటీ చార్టు గురించి. పగటి వెలుగుతో దారిలో పడిన ఒంటి గడియారాన్ని తిరిగొచ్చిన మూడో రోజే నైట్ డ్యూటీ మళ్లీ చెదరగొడుతుంది. శిబిరం ముందు మూడు రోజులు, తరువాత వారం రోజులు రాత్రి పని వద్దని అడిగాం. తరువాత వారం రోజుల షరతుకు యాజమాన్యం ఒప్పుకుంది. ముందు మూడు రోజుల గురించి చర్చ నడుస్తోంది. అది తేలేదాకా కొత్త తేదీలు ఇవ్వబోమని చెప్పాం.

తరువాతి విడతలో ఇరవై మందిని తీసుకెళ్లమని కూడా అడిగారు. ఖర్చు తగ్గుతుందన్నది వారి వాదన. ఇరవై మందికి రాత్రి కాపలా, మోసే జట్లు, నేల మీద భారం అన్నీ లెక్కవేసి చూపించి, పదేసి మంది చొప్పున రెండు బృందాలుగా, మధ్యలో ఆ నేలకు తగినంత విరామం ఇచ్చి తీసుకెళ్తామని రాశాం. రోడ్డు చివర ఉన్న జట్టుతో రెండు విడతలకూ మాట్లాడి పెట్టుకున్నాం.